సగమే వచ్చిన దవడ పన్ను మీద ఫ్లోరైడ్ వార్నిష్ నిలవడం లేదు

మా పాపకి ఆరేళ్లు. కింద కుడివైపు మొదటి శాశ్వత దవడ పన్ను సగమే బయటికొచ్చింది, వెనక భాగాన్ని చిగురు ఇంకా కప్పే ఉంది. నమిలేవైపు గీతల అంచున సుద్దలాంటి తెల్లటి చార. మొదట్లో గాలితో ఆరబెడితేనే కనబడేది, ఇప్పుడు తడిగా ఉన్నా కనబడుతోంది. పుచ్చు ముదురుతోందేమోనని నా కంగారు.

5 శాతం సోడియం ఫ్లోరైడ్ వార్నిష్ (పుచ్చును ఆపడానికి పన్ను మీద పూసే పూత) మూడు నెలలకోసారి వేయిస్తున్నాం. దూదితో తుడిచి ఆరబెట్టేలోపే చిగురు మడత కింద నుంచి లాలాజలం ఊరుతుంది. పూత ముద్దకట్టి సాయంత్రానికే ఊడిపోతుంది. వేసిన రోజు నాలుగు గంటలు వేడివి, గట్టివి పెట్టం, మర్నాటి దాకా బ్రష్ ముట్టం.

మామూలు రోజుల్లో రెండు పూటలా 1000 పీపీఎం (పది లక్షల్లో 1000 వంతులు) ఫ్లోరైడ్ ఉన్న పేస్టు, బఠాణీ గింజంత. ఉమ్మిస్తాం, పుక్కిలించనివ్వం. ఆ పన్ను పక్కవాటికంటే కిందుగా ఉండి బ్రష్ కుచ్చు తగలదు కాబట్టి, బుగ్గవైపు నుంచి బ్రష్ అడ్డంగా పెట్టి నేనే తోముతున్నాను. మధ్యమధ్య తీపి మానిపించాం. కూకట్‌పల్లిలో తాగేది కుళాయి నీళ్లే, బోరువి కావు. మిగతా పళ్ల మీద మచ్చల్లేవు, అందుకే ఇది నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై వచ్చిన మచ్చ కాదనుకుంటున్నా.

రెజిన్ సీలెంట్‌కి (నమిలేవైపు గీతల్ని మూసే ప్లాస్టిక్ లాంటి పూత) పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి, ఇప్పుడు కుదరదు. పన్ను మొత్తం వచ్చేదాకా తాత్కాలికంగా, కాస్త తడి ఉన్నా పట్టే గ్లాస్ అయనమర్ అనే సిమెంటు రకం సీలెంట్ వేయించాలా, వార్నిష్‌నే ఇంకా తరచుగా వేయిస్తే సరిపోతుందా?