బీపీ రోగులకు మెసేజ్ పంపితే ఓపీకి టైముకు వస్తారా? ట్రయల్ ఎట్లా చేయాలి?

పెన్నాగట్టు:
ఉదయగిరి, ఆత్మకూరు వైపు పీహెచ్‌సీల్లో బీపీ మాత్రలు వాడేవాళ్లు రెండో నెలకే ఓపీకి రావడం మానేస్తున్నారు. సాఫ్ట్‌వేర్ నుంచి ముందురోజు మెసేజ్ పోయేట్టు పెట్టి ట్రయల్ చేద్దామని ఉంది. ఓపీ నంబరు సరి అయితే మెసేజ్, బేసి అయితే లేదు. ఇది చాలా? టైముకు వచ్చేవాళ్లు 40 నుంచి 55 శాతానికి పెరుగుతారని అంచనా. ఎంతమంది కావాలి?

లెక్కలాయన:
సరి-బేసి వద్దు సార్. తర్వాతి చీటీ ఏ గుంపుదో కౌంటర్లో ముందే తెలిసిపోతుంది, కావాల్సినవాళ్లకు వరస మారుతుంది. పైగా మెసేజ్ వచ్చినావిడ పక్కింటావిడను కూడా వెంటబెట్టుకొస్తుంది. మనుషులకు కాదు, ఏ పీహెచ్‌సీల్లో మెసేజ్ పంపాలో పీహెచ్‌సీలకే లాటరీ తీయండి.

మనిషి లెక్కన అయితే 80 శాతం పవర్‌కి (నిజంగా తేడా ఉంటే ట్రయల్‌లో అది బయటపడే అవకాశం) గుంపుకు సుమారు 170 మంది. పీహెచ్‌సీకి 50 మంది, ఐసీసీ (ఒకే పీహెచ్‌సీ రోగులు ఒకరికొకరు ఎంత పోలి ఉంటారో చెప్పే అంకె) 0.02 అనుకుంటే 1 + 49 × 0.02, అంటే 1.98 రెట్లు. గుంపుకు 337 మంది, అంటే గుంపుకు ఏడు పీహెచ్‌సీలు. ఒకటి జారిపోతుందనుకుని ఎనిమిది పెట్టుకోండి. ఐసీసీ 0.05 అయిందా, పన్నెండు కావాలి. పాత రిజిస్టర్లు తీసి ముందే చూసుకోండి. ఎథిక్స్ కమిటీ అనుమతి, సీటీఆర్‌ఐ (దేశంలో ట్రయల్స్ నమోదు చేసే రిజిస్ట్రీ) నమోదు మొదటి రోగిని చేర్చకముందే అవ్వాలి. ట్రయల్ మొదలుపెట్టాక నమోదు చేస్తామంటే 2018 ఏప్రిల్ 1 నుంచి తీసుకోవడం లేదు.

కావలి కుర్రాడు:
తెలుగు మెసేజ్‌కి 70 అక్షరాలే, దాటితే రెండో మెసేజ్ బిల్లు. గుణింతాలు, ఒత్తులు కూడా విడిగా లెక్కకొస్తాయి. "మంత్రి"కి ఆరు పోతాయి! డీఎల్‌టీలో (టెలికాం కంపెనీల దగ్గర మెసేజ్ నమూనాలు ముందే నమోదు చేసే వ్యవస్థ) నమోదైన టెంప్లేట్‌కి ఒక్క మాట తేడా వచ్చినా ఆగిపోతుంది. సాఫ్ట్‌వేర్ "పంపాం" అన్నదాన్ని నమ్మొద్దు, డెలివరీ రిపోర్టు దాచుకోండి. చీటీ మీదున్న నంబరు చాలాసార్లు బెంగళూరులోనో చెన్నైలోనో ఉన్న కొడుకుది. చేర్చుకునేటప్పుడే రింగ్ ఇచ్చి, ఫోను ఎవరి చేతిలో మోగుతుందో చూడండి. మెసేజ్‌లో జబ్బు పేరు రాయొద్దు.

పెన్నాగట్టు:
ఆరు నెలలకు 140/90 లోపు ఎంతమంది ఉన్నారో కూడా సాఫ్ట్‌వేర్ నుంచే తీసుకోవచ్చా?

లెక్కలాయన:
అక్కడే దెబ్బతింటారు. వచ్చినవాళ్ల బీపీయే అందులో ఉంటుంది. మెసేజ్ పనిచేస్తే, బీపీ అదుపులో లేక ఇంట్లో ఉండిపోయేవాళ్లు కూడా వస్తారు. అప్పుడు ఆ గుంపు ఫలితమే అధ్వానంగా కనిపిస్తుంది. రానివాళ్లనూ ఇంటికెళ్లి కొలవాలి: ఐదు నిమిషాలు కూర్చోబెట్టి, డిజిటల్ మిషన్‌తో రెండుసార్లు. కొలిచేవాళ్లకు గుంపు తెలియకూడదు.

ఓపీ రీడింగుల చివరి అంకె కూడా చూడండి. డిజిటల్ మిషన్‌లో సున్నా పదింటికి ఒకటి రావాలి. స్క్రీన్ నిండా 130/80, 140/90 ఉన్నాయంటే కొలిచినవి కావు. ఎంట్రీ టైము సాయంత్రం నాలుగు తర్వాత వరసగా నిమిషానికొకటి పడుంటే, ఓపీ అయ్యాక రిజిస్టర్ చూసి ఎక్కించినవి. వాటితో వెయిటింగ్ టైము లెక్క కట్టొద్దు.