డక్టులోంచి గూబ పిల్ల పడింది, ఏం పెట్టాలి?

పద్మజ, రాజమండ్రి:
మా ఫ్లాట్ మూడో అంతస్తు. ఈ మధ్యాహ్నం వంటింటి వెనక పైపులు వెళ్లే డక్టు శుభ్రం చేయిస్తుంటే చెత్తతో పాటు గూబ పిల్ల పడింది. ఒళ్లంతా తెల్లటి నూగు, మొహం అచ్చం తమలపాకులా ఉంది. దగ్గరికెళ్తే తల వంచి అటూ ఇటూ ఊపుతూ, కుక్కర్ ఆవిరి వదిలినట్టు బుస్సుమంటోంది. పైన ఇంకా బుసలు వినిపిస్తున్నాయని పని ఆపించేశాను. వాచ్‌మన్ పారేస్తానన్నాడు. గూబ దూరిన ఇంట్లో ఉండకూడదని మా అత్తయ్యగారి భయం. అట్టపెట్టెలో పెట్టి బాల్కనీలో ఉంచాను. డ్రాపర్‌తో పాలు పట్టబోతే నోరు తెరవలేదు. అన్నం పెట్టనా, చికెన్ కీమా పెట్టనా? చాలా టెన్షన్‌గా ఉంది, తొందరగా చెప్పండి.

రమణమూర్తి:
అమ్మా, పాలు మానేయండి. నీళ్లు కూడా నోట్లో పోయకండి. పక్షి నాలుక మొదట్లోనే గాలిగొట్టం ఉంటుంది, చుక్క అటు పోయినా ఊపిరితిత్తుల్లోకి దిగుతుంది. పదేళ్ల కిందట గువ్వ పిల్లకి నేను అలాగే పాలు పట్టాను. తెల్లారేసరికి నా చేతిలోనే పోయింది. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ముందు దెబ్బలు చూడండి. రెక్క వేలాడుతోందా, రక్తం ఉందా, ఈకల మధ్య బియ్యపు నూకల్లా ఈగ గుడ్లు ఉన్నాయా? వీటిలో ఏది ఉన్నా పశువైద్యుడి దగ్గరికి తీసుకెళ్లి, అటవీశాఖ వాళ్లకి ఫోన్ చేయండి. ఏమీ లేకపోతే దానికి మీ తిండి అక్కర్లేదు, అమ్మానాన్నలు కావాలి. మనిషి చెయ్యి తగిలితే తల్లి దగ్గరికి రానివ్వదన్నది నిజం కాదు. పైన బుసలు వినిపిస్తున్నాయంటే తోబుట్టువులు ఉన్నట్టే, పెద్దవి రాత్రికి తిండి తెస్తాయి. చీకటి పడకముందే పిల్లని పైన గూటికే చేర్చండి. చెయ్యి అందకపోతే లోతైన చెక్కపెట్టెలో గోనెసంచి పరిచి, డక్టులో వీలైనంత ఎత్తున గట్టిగా కట్టించండి. లైటు ఆర్పి దూరం నుంచి చూడండి.

కీమా మాత్రమే పెడితే కాల్షియం అందక కాళ్లు వంకర తిరుగుతాయి. వీటికి ఎలుక ఎముకలతో సహా కావాలి. మీ అపార్ట్‌మెంట్‌లో ఎలుకల మందు పెడుతుంటే ఆపించండి, ఆ మందు తిన్న ఎలుకని తిని గూబలూ చచ్చిపోతాయి. ఇంకో మాట, ఇంటి అడ్రసు ఇక్కడ రాయొద్దు. దీపావళికి పూజల పేరుతో గూబల్ని పట్టి అమ్మేవాళ్లు ఉన్నారు. 1972 వన్యప్రాణి చట్టం ప్రకారం పట్టడం, అమ్మడం నేరమే, అయినా ఆగడం లేదు.

వెంకట్, ఉండి (పశ్చిమ గోదావరి):
అక్కా, అత్తయ్యగారికి ఈ మాట చెప్పండి. మేము వరి చేలో గూబ వాలాలనే ఇంగ్లిష్ 'T' అక్షరం ఆకారంలో కర్రలు పాతుతాం. రాత్రంతా ఎలుకల్ని పట్టేది అదే. లక్ష్మీదేవి వాహనం కూడా కదా!

పద్మజ:
దెబ్బలేం లేవు. పాత మామిడిపళ్ల పెట్టెలో పెట్టి, వాచ్‌మన్ చేతే నిచ్చెన వేయించి కట్టించాను. వంటింట్లో లైటు ఆర్పుకుని అందరం కూర్చున్నాం. ఏడున్నర దాటాక గుడ్డ చింపినట్టు ఒక అరుపు. పిల్ల బుసలు కొడుతూనే ఉంది. పెద్దది పైపు మీద చాలాసేపు కదలకుండా కూర్చుంది, నాకు ఊపిరి ఆడలేదు. తర్వాత పెట్టె అంచు మీదికి దిగింది, నోట్లో ఎలుక. అత్తయ్యగారు నా చెయ్యి గట్టిగా పట్టుకుని "దిగింది, దిగింది" అన్నారు.

పొద్దున చూస్తే పెట్టెలో బొటనవేలంత నల్లటి ఉండ ఉంది, మెరుస్తోంది. జబ్బేమోనని భయంగా ఉంది.

రమణమూర్తి:
జబ్బు కాదమ్మా. అరగని బొచ్చూ ఎముకలూ ఉండ చేసి కక్కేస్తాయి. కడుపు నిండా తిందన్నమాట. పిల్లలన్నీ ఎగిరిపోయేదాకా, రెండు నెలలైనా సరే, డక్టు జోలికి ఎవర్నీ వెళ్లనివ్వకండి.