పదికి తొమ్మిది వేసుకుంది మా అమ్మ. మరి మంచం ఎందుకు దిగట్లేదు?

కోటగుమ్మం:
మాది విజయనగరం. అమ్మకి 71. వాకిట్లో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. ఇంటికొచ్చి ఫిజియోథెరపీ చేయించే అబ్బాయి మొదటిరోజే ఒక కాగితం తీశాడు. నొప్పిగా ఉన్నా వ్యాయామం చేస్తారా, ఒక్కరే ఉన్నప్పుడు చేస్తారా, విసుగొచ్చినా చేస్తారా, పదికి ఎంత నమ్మకం అని వరసగా అడిగాడు. అమ్మ అన్నిటికీ ఒకటే జవాబు: "తొమ్మిదేసీ బాబూ." అతను సంతోషంగా రాసుకున్నాడు. రెండు వారాలైంది. అతనున్న అరగంట తప్ప మిగతా రోజంతా మంచమే. కాలు మడవమంటే "రేపు సేత్తాన్లే" అంటుంది. పెద్దవాళ్ల నమ్మకాన్ని ఇలా అంకెల్లో కొలవడం వల్ల నిజంగా ఏమైనా ఒరుగుతుందా, లేక ఫైలు నింపుకోడానికా?

బొబ్బిలి ఫిజియో:
ఫైలు కోసం కాదండీ. కాలు ఎంత పనిచేస్తోందో చూడ్డానికి మాకు వేరే పరీక్షలున్నాయి. కుర్చీలోంచి లేచి, మూడు మీటర్లు నడిచి, తిరిగొచ్చి కూర్చోడానికి ఎన్ని సెకన్లు పట్టిందో చూస్తాం. కానీ అది నేను పక్కన నిలబడి ఉన్నప్పటి లెక్క. నేను గేటు దాటాక ఆవిడ లేస్తారా లేదా అన్నది గడియారం చెప్పదు. ఒకటే ఆపరేషన్, ఇంచుమించు ఒకటే బలం. ఒకావిడ నెల తిరక్కుండా వీధి చివరిదాకా వెళ్తుంది, ఇంకొకావిడ గడప దగ్గరే ఆగిపోతుంది. ఆల్బర్ట్ బందూరా అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1977లో రాసింది దీని గురించే. ఒక పని చెయ్యగలనన్న నమ్మకాన్ని బట్టే మనిషి దానికి పూనుకోవడం, అడ్డంకి వచ్చినా పట్టు వదలకపోవడం ఉంటాయన్నాడు.

మీ ఇంట్లో జరిగిన తప్పు కాగితానిది కాదు. అన్నిటికీ తొమ్మిది వచ్చిందంటే అక్కడే అనుమానం రావాలి. "ఏదీ అమ్మా, నేను పట్టుకోకుండా ఒకసారి లేచి చూపించు" అని ఉంటే ఆ తొమ్మిది ఎంతకి దిగేదో తెలిసిపోయేది.

టెక్కలి మాస్టారు:
ఫిజియో గారూ, నేను ముప్పై ఏళ్ల పైచిలుకు మార్కులు వేసినవాణ్ణి. మాకు అంకె అంటే పరీక్షే. ఎదురుగా మనవడి వయసు కుర్రాడు కలం పట్టుకుని కూర్చుంటాడు, గుమ్మం పక్కన కోడలు వింటూ ఉంటుంది. మూడు అంటే కుర్రాడి మొహం చిన్నబోతుంది, కోడలికి అలుసైపోతాం. అందుకని తొమ్మిది. అది నమ్మకం కాదు, మర్యాద.

ఇంకో సంగతి. ఎక్కువ వస్తే మంచిదనుకోవడం కూడా పొరపాటే. నాకు 74. మోకాలు మార్పించుకున్నప్పుడు నేను పదికి పది వేసుకున్నాను, అదీ మనస్ఫూర్తిగా. ఆ పదితోనే కర్ర ఇంట్లో వదిలేసి రథసప్తమి రద్దీలో అరసవల్లి వెళ్లి, క్యూలో కూలబడ్డాను. సూర్యనారాయణస్వామి దయవల్ల మోకాలు మిగిలింది.

పొందూరు పిల్ల:
నేను ఫిజియోలో పీజీ చేస్తున్నాను. మాస్టారి మాటతో సగం ఏకీభవిస్తాను. నా గొడవ ప్రశ్నలతో. పడిపోకుండా పనులు చేసుకోగలమన్న నమ్మకాన్ని కొలవడానికి మేరీ టినెట్టి అనే డాక్టరు 1990లో చేసిన కొలబద్దలో, అంటే ప్రశ్నల పట్టీలో, పది రోజువారీ పనులుంటాయి. 1995లో పావెల్, మయర్స్ అనే పరిశోధకులు చేసినదాంట్లో పదహారు పనులు, ఒక్కోదానికి సున్నా నుంచి నూరు శాతం. అందులో ఎస్కలేటర్ ఎక్కడం ఉంది, మంచు గడ్డకట్టిన దారిలో నడవడం కూడా ఉంది! కవిటిలో కొబ్బరితోటల మధ్య బతికే మామ్మని మంచు గడ్డ గురించి అడిగితే ఏం చెప్తుంది? మంచం గురించి గానీ అడుగుతున్నామా అనుకుంటుంది.

పైగా కొన్ని కొలబద్దలు "పడిపోతానని ఎంత బెంగగా ఉంది" అని అడుగుతాయి, అక్కడ అంకె పెరిగితే చెడ్డ. కొన్ని "ఎంత నమ్మకం" అని అడుగుతాయి, అక్కడ పెరిగితే మంచి. భయం ఉన్నా చేసేవాళ్లున్నారు, భయం లేకపోయినా చెయ్యనివాళ్లున్నారు. రెండూ కలిపేస్తే ఏదీ తేలదు. "ఆత్మవిశ్వాసం" అన్న మాటయితే మా అమ్మమ్మకి రేడియో ఉపన్యాసంలా వినిపిస్తుంది.

ఆవిడ్ని నేను వేరేలా అడిగాను. "రూపాయికి ఎంత నమ్మకం? పావలానా, అర్ధా, ముప్పావలానా?" అణాలు 1957లో పోయినా మాటలు పోలేదు కదా. ఠక్కున చెప్పింది: "బేడ కూడా లేదే తల్లీ." బేడంటే రెండణాలు, పావలాలో సగం.

బొబ్బిలి ఫిజియో:
బావుందమ్మా, కానీ చిక్కొకటుంది. పావలా లెక్కన మెట్లు నాలుగే. మూడు వారాల్లో ముసలాయన కొంచెం మెరుగైతే ఆ కొంచెం ఎక్కడ కనిపిస్తుంది? బందూరా సున్నా నుంచి నూరుదాకా పదేసి చొప్పున పెట్టమన్నది చిన్న తేడాలు కూడా పట్టుకోడానికే.

పొందూరు పిల్ల:
సర్, పట్టుకోడానికి ముందు నిజం చెప్పించాలి కదా. అందరూ తొమ్మిదే చెప్తే మెట్లు పదున్నా నూరున్నా ఒకటే.

వంశధార:
మీరంతా చదువుకున్నవాళ్లు. నేనొక మాట అడుగుతాను. మా పెదనాన్నకి పక్షవాతం. కొడుకులు చెన్నైలో. ఊళ్లోంచి శ్రీకాకుళం రావాలంటే ఆటో, ఆ పైన బస్సు, చెయ్యి పట్టుకోడానికి ఒక మనిషి, ఆ మనిషి కూలి పోగొట్టుకోవాలి. ఆయన్ని "థెరపీకి వస్తానన్న నమ్మకం ఎంత" అంటే సున్నా అంటాడు. మీరు దాన్ని ఆయన మనసులో లోపంగా రాసుకుంటారు. లోపం బస్టాండు దగ్గరుంది.

బొబ్బిలి ఫిజియో:
ఇది ఒప్పుకోవాల్సిందే. "చెయ్యగలరా" అన్నదీ, "రాగలరా" అన్నదీ విడిగా అడగాలి. రెండోదానికి సున్నా వస్తే నేను ఆయనకి ధైర్యం చెప్పడం దండగ. ఇంట్లో చేసుకునేవి నేర్పి పంపాలి. అడక్కపోతే మాత్రం ఈ తేడా నాకెలా తెలుస్తుంది?

కోటగుమ్మం:
మొన్న రాత్రి పావలా లెక్కన నేనే అడిగాను. కోడలు లేనప్పుడు, మాస్టారు చెప్పినట్టే. మంచం మీంచి లేవడం: ముప్పావలా. వంటింటిదాకా: అర్ధరూపాయి. రాత్రిపూట పెరట్లో దొడ్డికెళ్లడం: "అణా కూడా లేదు. నుయ్యి కాడ గచ్చు జారిపోతంది, దీపం ఎలగదు, పడిపోతే ఎవులు సూత్తారు?" రెండువారాలుగా కాలు నొప్పి అనుకుంటున్నాం. రాత్రి లేవాల్సి వస్తుందని సాయంత్రం నుంచీ నీళ్లే తాగట్లేదట. ఆ నీరసానికి పగలూ లేవట్లేదు. ఫిజియో అబ్బాయి కాగితంలో నుయ్యి లేదు, గచ్చు లేదు.

బల్బు మార్చాను. గచ్చు గరుకు చేయించడానికి మేస్త్రీ నాలుగు రోజుల్నుంచీ "రేపొస్తా" అంటున్నాడు. నిన్న గోడ పట్టుకుని నుయ్యి దాకా వెళ్లొచ్చింది. ఇప్పుడెంత అంటే "పావలా" అంది. నా సంతోషం కోసం అందో ఏమో, అదీ తెలీదు.

టెక్కలి మాస్టారు:
అడక్కు బాబూ. నువ్వు నిద్రపోయాక లేచి వెళ్తోందేమో చూడు.

బొబ్బిలి ఫిజియో:
మాస్టారూ, మీరు ఆగండి! గచ్చు అయ్యేదాకా రాత్రిపూట మంచం పక్కన కమోడ్ కుర్చీ వెయ్యండి, లేచినప్పుడల్లా ఎవరో ఒకరు పక్కనుండాలి. నీళ్లు ఇవాళ్టి నుంచే తాగించండి. ఆ మేస్త్రీ నంబరుంటే నాకు పంపండి, నేను మాట్లాడతాను.