మిథిక్ రెయిడ్‌ని తేలిక చెయ్యాలా? చేస్తే ఎక్కడ కొయ్యాలి?

పుల్_212

వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ ఆటలో జట్టుగా పెద్ద బాస్‌లని కొట్టే రెయిడ్‌కి అన్నిటికన్నా కష్టమైన మెట్టు మిథిక్, దాని గురించే ఈ చర్చ. నా వాదన ఇది: రెయిడ్ తెరిచిన 6 వారాల తర్వాత బఫ్ (ఆటగాళ్ల బలం పెంచడం) మొదలవ్వాలి, వారం వారం పెరుగుతూ 30 శాతం దాకా పోవాలి. ఇదేం కొత్త కాదు. 2010లో ఐస్‌క్రౌన్ సిటడెల్ రెయిడ్‌లో ఇలాంటిదే చేశారు. 5 శాతంతో మొదలుపెట్టి 30 దాకా తీసుకెళ్లారు, ప్రాణం, డ్యామేజ్, హీలింగ్ అన్నిటికీ. వద్దనుకున్న గిల్డ్ (ఆటగాళ్ల జట్టు) సిటడెల్‌లో ఉండే ఆట పాత్ర అయిన నాయకుడితో మాట్లాడి తీయించుకునే వీలు కూడా ఉండేది. 2025లో అండర్‌మైన్ రెయిడ్‌లో రినౌన్ పేరుతో బఫ్ మళ్లీ వచ్చింది, మిథిక్‌లోనూ పనిచేసింది. కాబట్టి తేలిక చెయ్యాలా వద్దా అన్నది పాత ముచ్చట. ఎంత, ఎప్పుడు అన్నదే మిగిలింది.

కత్తెర_కిట్టయ్య

మిగిలింది అంతేనా? మిథిక్ కింద ఎల్ఎఫ్ఆర్ (ఆటే మనుషుల్ని కూర్చే అన్నిటికన్నా తేలిక మెట్టు) ఉంది, నార్మల్ ఉంది, హీరోయిక్ ఉంది. కథ చూడాలన్నా, గేర్ కావాలన్నా ఆ మూడింట్లో దొరుకుతుంది. నాలుగో మెట్టు ఒక్కటే కష్టానికని వదిలారు, దాన్ని కూడా చదును చేస్తే ఇక మెట్టెందుకు?

2006 నాటి 40 మంది నక్స్‌రామస్ రెయిడ్‌ని చాలా కొద్దిమందే చూశారు, నిజమే. అందుకే 2008లో 10 మందికీ 25 మందికీ తేలిక చేసి మళ్లీ తెచ్చారు. కానీ అప్పట్లో కింద మెట్లు లేవు. ఇప్పుడున్నాయి. ఆ వాదన ఇక్కడ అతకదు.

ఎన్‌రేజ్_లెక్కలు

శాతాలు గాల్లో విసురుకునే ముందు ఒక లెక్క చూద్దాం. అంకెలు ఊహించినవి, పద్ధతి మాత్రం ఏ బాస్‌కైనా ఇదే.

బాస్ ప్రాణం 480 కోట్లు, ఎన్‌రేజ్ (ఆ గడువు దాటితే బాస్ రెచ్చిపోయి అందర్నీ చంపేస్తాడు) 8 నిమిషాలు. అంటే రెయిడ్ మొత్తం సెకనుకి 1 కోటి కొట్టాలి. 20 మందిలో 2 ట్యాంకులు (దెబ్బలు కాచేవాళ్లు), 4 హీలర్లు (ప్రాణం నింపేవాళ్లు), 14 మంది డీపీఎస్ (బాస్‌ని కొట్టేవాళ్లు). ట్యాంకులూ హీలర్లూ కలిసి ఇద్దరు డీపీఎస్‌ల పని చేస్తారనుకుంటే 16 వాటాలు, వాటాకి సెకనుకి 6.25 లక్షలు. 3వ నిమిషంలో ఒక డీపీఎస్ పోతే మిగిలిన 300 సెకన్లకి పోయేది 18.75 కోట్లు, అంటే బాస్ ప్రాణంలో సుమారు 3.9 శాతం. గేర్ అంచుమీదున్న రెయిడ్‌కి అది ఓటమే.

5 శాతం డ్యామేజ్ బఫ్ ఇస్తే ఆ ఒక్క చావు మాఫీ, రెండో చావు కాదు. అదే 30 శాతం ఇస్తే 3వ నిమిషంలోనే 5గురు డీపీఎస్ పోయినా బాస్ చస్తాడు. శాతం అంటే నిజానికి ఎన్ని చావులు మాఫీ చేస్తున్నామన్న లెక్క. ఒకటి రెండు చావులు మాఫీ చేస్తే నేర్చుకునే గిల్డ్‌కి ఊపిరాడుతుంది. అయిదు చేస్తే అది హీరోయిక్.

డ్యామేజ్ సంగతి ఇది. ప్రాణం బఫ్ ఇంకా ప్రమాదం. ఒక దెబ్బ ఆటగాడి ప్రాణంలో 110 శాతం కొడుతుందనుకోండి, తప్పుకోకపోతే చావే. ప్రాణం 5 శాతం పెంచితే ఏమీ మారదు, అప్పుడూ చావే. 15 పెంచితే బతుకుతాడు, హీలర్ నింపేస్తాడు. ఆ మెకానిక్ (తప్పుకోవాలన్న ఆ నియమం) తేలిక పడలేదు, మాయమైంది. ఐస్‌క్రౌన్ బఫ్‌లో నాకు నచ్చని ముక్క ఇదే.

కిక్_కోమలి

లెక్క బాగుంది, కానీ వైప్‌లన్నీ (రెయిడ్ మొత్తం చావడాలన్నీ) ఎన్‌రేజ్ దగ్గరే అవుతున్నట్టు మాట్లాడుతున్నారు. సగం వైప్‌లు కిక్ (శత్రువు మంత్రాన్ని మధ్యలో ఆపే దెబ్బ) తప్పడం వల్లే.

ఒక యాడ్ (బాస్ పక్కన వచ్చే చిన్న శత్రువు) 6 సెకన్లకోసారి మంత్రం వేస్తుంది. రోగ్ కిక్, వారియర్ పమ్మెల్ రెండూ 15 సెకన్లకి గానీ తిరిగిరావు. ఇద్దరితో సరిపోదు, ముగ్గురు వంతులేసుకోవాలి: 0లో ఒకరు, 6లో ఒకరు, 12లో ఒకరు, 18కి మొదటివాళ్లకి మళ్లీ వచ్చేస్తుంది. ఇద్దరు ఒకే మంత్రం మీద కొట్టారంటే ఒక కిక్ దండగ, తర్వాతి మంత్రానికి మనిషి లేడు. పింగ్ ఎక్కువున్నచోట ఈ తప్పు ఇంకా ఎక్కువ, ఎందుకంటే ముందువాళ్లు కొట్టేసిన సంగతి తెర మీద కనబడేసరికే రెండోవాళ్లు నొక్కేసి ఉంటారు. దీన్ని ఏ శాతమూ బాగుచెయ్యదు. మంత్రాల మధ్య వ్యవధి 6 నుంచి 8 సెకన్లు చేస్తే ఇద్దరితోనే గడిచిపోతుంది. నెర్ఫ్ (తేలిక చెయ్యడం) అంటే అలా ఉండాలి.

ఇంకో సంగతి. మన వైపు నుంచి యూరప్ సర్వర్లలో ఆడేవాళ్లకి అక్కడి రాత్రి 8 అంటే మనకి వాళ్ల వేసవిలో 11:30, చలికాలంలో 12:30. మూడు గంటల రెయిడ్ అంటే తెల్లవారుజాము. ఇక 19 మంది వచ్చి 20వ మనిషి నిద్రపోయాడంటే ఆ రాత్రి గోవిందా. నార్మల్, హీరోయిక్ 10 నుంచి 30 దాకా ఎంతమందితోనైనా సాగుతాయి. మిథిక్ ఒక్కదానికే 2014 నుంచీ ఈ 20 పట్టు.

కత్తెర_కిట్టయ్య

20 అన్నది మొండితనం కాదు కోమలి గారూ. 5గురు చొప్పున నాలుగు వలయాల్లో నిలబడాలంటే మనుషుల లెక్క తెలిసుండాలి. 17 మంది వస్తే నాలుగో వలయంలో ఎంతమంది? ఆ గుండ్రటి అంకె మీదే మెకానిక్‌ని కడతారు. కిక్ వ్యవధి విషయంలో మాత్రం మీతో ఏకీభవిస్తాను.

ఎర్జియా_ఎలుగు

ఫైనల్ ఫాంటసీ 14 నుంచి ఒక మాట. అక్కడ సావేజ్ అనే కష్టమైన రెయిడ్ మెట్టుకి 8 మందే, మనుషుల్ని కూడగట్టడం తేలిక. కానీ కష్టం ఇంకోచోట దాక్కుంది. కొన్ని మెకానిక్‌లకి 8 మందీ బతికి, ఎవరి చోట వాళ్లుండాలి, ఒక్కరు లేకపోయినా అందరూ పోతారు. పైగా చచ్చి మళ్లీ లేచినవాడికి వీక్‌నెస్ తగులుతుంది, ముఖ్యమైన స్టాట్ 25 శాతం పడిపోతుంది. తర్వాత ఎకో అనే బఫ్ ఇచ్చినా అందరూ ఉండాలన్న ఆ షరతు కదలదు. అంకెలు మెత్తబడ్డాయి కదా అని సులువనుకుని వచ్చిన కొత్తవాళ్లు అక్కడే ఇరుక్కుంటారు.

పుల్_212

సరే, ప్రాణం బఫ్ వెనక్కి తీసుకుంటున్నా, 30 కూడా. ఎన్‌రేజ్_లెక్కలు గారి లెక్క కాదనలేను. బదులుగా ఇది చూడండి.

20 మంది రెయిడ్‌లో యుద్ధం మధ్యలో చచ్చినవాళ్లని లేపే అవకాశం మొదట ఒకటి ఉంటుంది, తర్వాత 4:30 నిమిషాలకొకటి చేరుతుంది. 90ని మనుషుల సంఖ్యతో భాగిస్తే వచ్చే అంకె అది. 8 నిమిషాల పోరులో మొత్తం 2. ఆ వ్యవధి 3 నిమిషాలు చేస్తే 3 అవుతాయి. ఒక చావు మాఫీ అయినట్టే, ఏ దెబ్బా చిన్నది కాలేదు, ఏ మెకానిక్కూ మాయం కాలేదు. దీనికి 6 వారాల తర్వాత 10 శాతం డ్యామేజ్ కలపండి, అంతే. ఎల్ఎఫ్ఆర్‌లోలా వైప్‌కి 5 శాతం చొప్పున పేర్చే డిటర్మినేషన్ మాత్రం వద్దు. కావాలని చచ్చి బఫ్ పోగేసుకునే విద్య జనానికి అక్కడే అబ్బింది.

డాలు_ధనుంజయ

లేపడం సంగతి నాకు నచ్చింది. ఆ 10 శాతం డ్యామేజ్ దగ్గర ఒక చిక్కుంది.

పైన చెప్పిన బాసే, 60 శాతం ప్రాణం దగ్గర దశ మారతాడనుకోండి. సెకనుకి కోటి చొప్పున 192 కోట్లు కొట్టడానికి 3:12 పడుతుంది. ప్రీస్ట్ అనే హీలర్ డివైన్ హిమ్ (అందరి ప్రాణం నింపే మంత్రం) 0:10కి వాడాడు, 3 నిమిషాల కూల్‌డౌన్, 3:10కి తిరిగొచ్చింది, దశ మారగానే పడే పెద్ద దెబ్బకి అందింది. అలా అనుకునే హీలింగ్ నోట్ (ఏ మంత్రం ఎప్పుడు వాడాలో వరస) రాసుకుంటారు. 10 శాతం బఫ్ పడిన వారం దశ 2:55కే మారుతుంది. హిమ్ ఇంకా 15 సెకన్ల దూరంలో ఉంది. వందల పుల్స్‌తో (ప్రయత్నాలతో) అలవాటైన వరస తప్పి, ముందు వారం దాటిన చోటే గిల్డ్ కూలుతుంది, బఫ్ వచ్చాక కష్టమైందేంటని తల పట్టుకుంటుంది.

అందుకే బఫ్ ఇస్తే వారం వారం గీకకుండా ఒకేసారి ఇవ్వాలి, నోట్ ఒక్కసారే తిరగరాసుకుంటారు. ఈలోగా ఇరుక్కున్న రెయిడ్‌లు హిమ్‌ని 0:10కి వాడకుండా దశ మార్పు కోసం దాచుకోవాలి. మొదటి దెబ్బని పాలడిన్ ఆరా మాస్టరీ అనే రక్షణ మంత్రంతో తట్టుకోవచ్చు.

కిక్_కోమలి

లేదా 62 శాతం దగ్గర డీపీఎస్‌ని ఆపండి, హిమ్ వచ్చేదాకా. కానీ 14 మంది డీపీఎస్‌ని ఆపడం ఏ బాస్ కన్నా కష్టం.