“జో ఎవరు?” అన్న ప్రశ్నను తెలుగులో ఎలా అడగాలి?

సభ్యులందరికీ నమస్కారం. 1939లో వచ్చిన ‘ఓన్లీ ఏంజెల్స్ హావ్ వింగ్స్’కి సరదాగా తెలుగు సబ్‌టైటిల్స్ రాస్తున్నాను. హోవర్డ్ హాక్స్ తీసిన సినిమా. కేరీ గ్రాంట్, జీన్ ఆర్థర్ జంట. దక్షిణ అమెరికాలో బరాంకా అనే ఊహాలోకపు రేవు ఊరు, ఆండీస్ కొండల మీదుగా టపా సంచులు మోసే చిన్న విమాన కంపెనీ. ఒక్క ప్రశ్న దగ్గర బండి ఆగిపోయింది.

సందర్భం ఇది. జో అనే కుర్ర పైలట్, అప్పుడే ఓడ దిగిన బానీతో కలిసి రాత్రి భోజనం చేద్దామనుకుంటాడు. ఈలోగా టపాతో బయల్దేరాల్సి వస్తుంది. పొగమంచు కమ్మేసి వెనక్కి తిరుగుతాడు. మంచు విడేదాకా పైనే తిరుగుతూ ఉండమని బాస్ జెఫ్ (కేరీ గ్రాంట్) రేడియోలో చెప్తాడు. జోకి భోజనం తొందర. దిగబోయి కూలిపోతాడు. కాసేపటికే జెఫ్, జో కోసం చేయించిన మాంసం ముక్కను ముందేసుకుని తింటుంటాడు. బానీకి ఒళ్ళు మండిపోతుంది. ఆమె జో పేరు ఎత్తగానే అక్కడున్నవాళ్ళ ప్రశ్న: “హూ ఈజ్ జో?”

జో ఎవరో తెలియక కాదు. పోయినవాణ్ణి తలుచుకుంటూ కూర్చుంటే రేపు తాము విమానం ఎక్కలేరు.

“జో ఎవరు?” అని రాస్తే నిజంగానే వివరం అడుగుతున్నట్టుంది, రేషన్ కార్డు చూస్తున్న గుమాస్తాలాగా. “ఏ జో?” అంటే ఇద్దరు ముగ్గురు జోలు ఉన్నారనీ, వాళ్ళలో ఎవరనీ అర్థం. “ఎవరా జో?” వినడానికి బాగుంది కానీ, ఆ చిన్న ‘ఆ’ కొంప ముంచుతోంది. నువ్వు చెప్తున్న ఆ మనిషి అని ఒప్పేసుకున్నట్టే కదా! “జో అంటే ఎవరు?” అన్నదే నాకు దగ్గరగా అనిపిస్తోంది. పేరే కొత్తగా విన్నట్టు ఉంటుంది. తర్వాత బానీ కోపం తగ్గి తిరిగొచ్చాక ఇదే ప్రశ్న ఆమెకే ఎదురవుతుంది. అప్పుడామె కూడా ఆ పేరు ఎప్పుడూ విననట్టే జవాబిస్తుంది. రెండుచోట్లా ఒకే వాక్యం సరిపోవాలి. (‘జో’ అనగానే మనకు జోలపాట గుర్తొస్తుంది. దానికి నేనేం చేయలేను.)

మీరేమంటారు?

జవాబు: “జో అంటే ఎవరు?” బాగుందండీ. కానీ వాళ్ళంతా కలిసి తాగి, కలిసి చావుకు ఎదురెళ్ళే మొరటు మనుషులు. “ఎవడ్రా జో?” అని ఒకడు ఇంకొకడి వైపు తిరిగి అంటే? ఆమెను అడగనే అడగరు. మా కరీంనగర్ వైపయితే “జో ఎవలు?” అంటరు. అందులో మర్యాదా లేదు, అమర్యాదా లేదు.

జవాబు: నాకు ప్రశ్న కంటే దానికి ముందు మాట మీద అనుమానం. బానీ నోట ‘చనిపోయాడు’ పెట్టారా? పెడితే తీసేయండి. అది పేపర్లో రాసే మాట. ‘పోయాడు’ అందామంటే, విమానాల ఊళ్ళో పోవడం రావడం రోజూ ఉండేదే, ఎక్కడికి పోయాడనుకుంటారు? అక్కడ ‘చచ్చిపోయాడు’ అనే అనాలి. మొహమాటం లేకుండా ఆ మాట ఆమె విసిరితేనే, వాళ్ళు దాన్ని తప్పించుకోవడం కనబడుతుంది. పైగా జో పనితనం చాలకనే పోయాడంటాడు జెఫ్. పోయినవాడి తప్పు ఎత్తకూడదని పెరిగిన మనకు ఆ మాట ఇంకా గుచ్చుకుంటుంది. దాన్ని మెత్తబరచకండి.

జవాబు: అసలు చిక్కు చివరి సీన్లో ఉంది, దాన్ని ఎవరూ తలవలేదు. జెఫ్ ఏ ఆడదాన్నీ ఏదీ అడగనన్న పట్టుదల మనిషి. బానీని ఉండమని నోరు తెరిచి అనడు. నాణెం ఎగరేస్తాడు. బొమ్మ పడితే ఆమె ఉండటం, బొరుసు పడితే వెళ్ళడం. ఇంగ్లీషులో ‘యూ స్టే’ అంటే అడిగినట్టూ ఉంటుంది, చెప్పినట్టూ ఉంటుంది. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. “బొమ్మ పడితే ఉండు” అని రాశారో, అడిగేసినట్టే, రెండు గంటల సినిమా మట్టికొట్టుకుపోయినట్టే. “ఉండాలి” అంటే పెత్తనం. “బొమ్మ పడితే ఉంటావు, బొరుసు పడితే వెళ్తావు” అనాలి. అప్పుడు నాణెం మాట్లాడుతుంది, అతను కాదు.

మొదటి పోస్టు రాసినవారు: మీ జవాబు చూసి లేచి కూర్చున్నాను. నేను ‘ఉండు’ అనే రాశాను, ఇప్పుడే మార్చేశాను. ఆ నాణెం జెఫ్ ప్రాణస్నేహితుడు, పైలట్ కిడ్‌ది కదా, రెండు వైపులా బొమ్మే. కిడ్ పోయాక అది జెఫ్ దగ్గరికి వచ్చింది. జెఫ్ దాన్ని బానీ చేతిలో పెట్టి విమానం వైపు వెళ్ళిపోతాడు. తన ఉండటాన్ని ఓ నాణేనికి వదిలేశాడని ఆమెకు ముందు మండుతుంది. తిప్పి చూశాక అర్థమవుతుంది. ‘ఉంటావు’ అన్న మాట మొదటిసారి జోస్యంలా, నాణెం తిరగేశాక వేడుకోలులా వినిపిస్తుంది. ‘ఉండు’కి ఆ రెండో అర్థం పుట్టదు.

‘ఎవడ్రా’ మాత్రం పెట్టను. కేరీ గ్రాంట్ నోటికి అతకదు. ‘చచ్చిపోయాడు’ ఖాయం.

ఇక బొమ్మా బొరుసా అన్న మాట అందరికీ తెలుసనుకుంటున్నాను. కొన్నిచోట్ల చిత్తు బొత్తు అనే అంటారు. పిల్లలు ఏ మాటతో నాణెం ఎగరేస్తారో మీ ఊరివి చెప్పండి. ఎక్కువమంది వాడేదే పెడతాను.