హింగా నార్మన్‌ను బోనెక్కించడం న్యాయమేనా? సియెర్రా లియోన్ యుద్ధ నేరాల విచారణపై చర్చ

తుంగభద్ర:
పశ్చిమ ఆఫ్రికా దేశం సియెర్రా లియోన్‌లో 1991లో మొదలైన అంతర్యుద్ధం 2002లో ముగిశాక, ఐక్యరాజ్యసమితి, ఆ దేశ ప్రభుత్వం కలిసి రాజధాని ఫ్రీటౌన్‌లో ఒక ప్రత్యేక న్యాయస్థానం పెట్టాయి. ఆ యుద్ధంలో చంపినవారు, చేతులు నరికినవారు, పిల్లలకు తుపాకులిచ్చినవారు వేలల్లో ఉన్నారు. కానీ న్యాయస్థానం విచారించవలసింది ‘అందరికంటే ఎక్కువ బాధ్యత ఉన్నవారిని’ మాత్రమేనని దాని శాసనం నిర్దేశించింది. చివరికి అభియోగాలు మోపింది 13 మందిపై. తిరుగుబాటు నాయకుడు ఫోడే శాంకో, అతనికి అండగా నిలిచిన పొరుగుదేశం లైబీరియా అప్పటి అధ్యక్షుడు చార్లెస్ టేలర్ ఆ 13 మందిలో ఉన్నారు. వారి విషయంలో ఎవరికీ పేచీ ఉండదనుకుంటాను. నా ప్రశ్న శామ్ హింగా నార్మన్ గురించి. ఎన్నికైన ప్రభుత్వం కోసం కమజోర్లనే సంప్రదాయ వేటగాళ్ల దళాలను నడిపించిన మనిషి ఆయన. 2003 మార్చిలో, అంతర్గత వ్యవహారాల మంత్రిగా ఉండగానే ఆయనను అరెస్టు చేశారు. ఇది న్యాయమేనా?

పాలపిట్ట:
కాదు. 1997 మేలో ఏం జరిగిందో చూడండి. సైన్యం కుట్ర చేసి అధికారం లాక్కుంది, తాను ఎవరితో పోరాడవలసి ఉందో ఆ తిరుగుబాటుదారులనే రాజధానికి పిలిచింది. ఎన్నికైన అధ్యక్షుడు అహ్మద్ తేజన్ కబ్బా పొరుగున ఉన్న గినీకి వెళ్లిపోయాడు. ఊళ్లను కాపాడటానికి మిగిలింది కమజోర్లే. కాపాడినవాడినీ కాల్చినవాడినీ ఒకే న్యాయస్థానం ముందు, ఒకే వరుసలో నిలబెడితే బాధితులకు ఏం చెప్పినట్టు?

ఇది నా ఒక్కరి మాట కాదు. 2007 ఆగస్టులో నార్మన్ సహచరులు ఫొఫానా, కొండెవాలను దోషులుగా తేల్చినప్పుడు, ధర్మాసనంలోని సియెర్రా లియోన్ న్యాయమూర్తి బాంకోలే థాంప్సన్ విభేదించాడు. రాజ్యమే కూలిపోతున్నప్పుడు దాన్ని నిలబెట్టడానికి తప్పనిసరై చేసిన పోరాటం అది, ఇద్దరినీ విడుదల చేయాలన్నాడు. ఆ దేశంలో పుట్టి పెరిగిన మనిషి తీర్పుకు నేను ఎక్కువ విలువ ఇస్తాను.

మున్నేరు:
పాలపిట్ట గారూ, నార్మన్ పోరాటం న్యాయమైనదే. అందులో నాకు సందేహం లేదు. కానీ విచారణ ఆ పోరాటం మీద జరగలేదు. టోంగో, కోరిబొండో, కెనెమా అనే ఊళ్లలో కమజోర్ల చేతిలో చనిపోయిన నిరాయుధుల గురించి జరిగింది. తిరుగుబాటుదారులకు సహకరించారన్న అనుమానం చాలు, చంపేశారు. కెనెమాలో పోలీసులనూ చంపారు. ఆ కుటుంబాలకు మీరేం చెబుతారు? మీ ఇంటి మనిషిని చంపినవారి ఆశయం మంచిది కాబట్టి కేసు ఉండదు అంటారా?

ఈ సమస్యతో ఆ న్యాయస్థానం కూడా తంటాలు పడింది. మొదటి తీర్పులో ఫొఫానాకు 6, కొండెవాకు 8 ఏళ్లు వేశారు. ప్రజాస్వామ్యం కోసం పోరాడారన్నది శిక్ష తగ్గించడానికి ఒక కారణమైంది. 2008 మేలో అప్పీలు ధర్మాసనం దాన్ని ఒప్పుకోలేదు. ఏ పక్షాన నిలబడి చంపారన్నదాన్ని బట్టి శిక్ష తగ్గకూడదని చెప్పి, 15, 20 ఏళ్లకు పెంచింది. నా దృష్టిలో ఆ న్యాయస్థానం చేసిన అన్నిటికంటే గట్టి పని ఇదే. టేలర్‌కు వేసిన 50 ఏళ్ల శిక్ష గురించి ప్రపంచమంతా మాట్లాడింది గానీ, దీని గురించి మాట్లాడేవారు తక్కువ.

నల్లమల:
మీరిద్దరూ పెద్దల గురించే వాదిస్తున్నారు. చేతులు నరికించుకున్న మనిషికి టేలర్ ఎవరో కూడా తెలియకపోవచ్చు. కత్తి పట్టుకున్నవాడు మాత్రం తెలుసు. అతని మీద ఏ కేసూ లేదు.

దానికి మూలం 1999 జులైలో టోగో రాజధాని లోమేలో ప్రభుత్వానికీ తిరుగుబాటుదారులకూ కుదిరిన శాంతి ఒప్పందం. పోరాడిన అన్ని పక్షాలవారికీ క్షమాభిక్ష ఇచ్చారు. శాంకోకు ఉపాధ్యక్షుడి హోదా, వజ్రాల గనులపై అజమాయిషీ చేసే కమిషన్‌కు అధ్యక్ష పదవి! ఏడాది తిరగకుండానే అతని మనుషులు ఐక్యరాజ్యసమితి సైనికులను వందల సంఖ్యలో బందీలుగా పట్టుకున్నారు. ఆ సమితి దళంలోని మన భారత సైనికులు కైలాహున్‌లో చుట్టుముట్టబడి, 2000 జులైలో పోరాడి బయటపడ్డారు. ఇంత జరిగినా, ఆ క్షమాభిక్ష చెల్లదన్నది ప్రత్యేక న్యాయస్థానం వరకే. మామూలు కోర్టుల్లో అది అలాగే ఉండిపోయింది. ఆయుధాలు అప్పగించిన 70 వేల మందికి పైగా ఊళ్లకు వెళ్లిపోయారు.

రువాండాను చూడండి. 1994 జాతిహత్య తర్వాత గచాచా పేరుతో ఊరి పంచాయతీలు పెట్టి, 2012 వరకు లక్షలాది కేసులు ఊరి ముందే విచారించారు. లోపాలుంటే ఉన్నాయి, చంపినవాడు మాత్రం ఊరికి జవాబు చెప్పాడు.

మున్నేరు:
నల్లమల గారూ, గచాచా ఎవరిని పిలవలేదో కూడా చూడాలి. గెలిచిన పక్షం సైనికులు చేసిన హత్యలు ఆ పంచాయతీల ముందుకు రానేలేదు. రువాండా కోసం పెట్టిన అంతర్జాతీయ న్యాయస్థానం కూడా ఆ పక్షంలో ఒక్కరిపైనా అభియోగం మోపలేదు. ఎంత మందిని విచారించారన్న లెక్కకన్నా ఈ లోటు నాకు పెద్దది. ఫ్రీటౌన్‌లో ప్రభుత్వంలో ఉన్న మంత్రినే పట్టుకున్నారు. ఓడినవారిని మాత్రమే శిక్షిస్తే అది విచారణ కాదు, యుద్ధానికి కొనసాగింపే.

కింది స్థాయివారిని వదిలేయడంపై మీ బాధ న్యాయమైనది. అయితే వారిలో ఎందరో బలవంతంగా ఎత్తుకుపోబడిన పిల్లలు. పదిహేను నిండినవారిని విచారించే అధికారం ఉన్నా, ప్రాసిక్యూటర్ డేవిడ్ క్రేన్ పిల్లలపై కేసులు పెట్టనని ప్రకటించాడు. అది సరైన నిర్ణయం. ఎదిగి వచ్చి, దళాలకు ఆజ్ఞలిచ్చిన మధ్యస్థాయి నాయకుల సంగతి వేరు. వారి కోసం దేశీయ కోర్టుల తలుపు తెరిచి ఉంచవలసింది.

పాలపిట్ట:
పక్షపాతం లేదంటున్నారు కదా, అయితే కబ్బా ఎక్కడ? యుద్ధకాలంలో నార్మన్ రక్షణ శాఖ ఉప మంత్రి మాత్రమే. ఆ శాఖ మంత్రి స్వయంగా అధ్యక్షుడు కబ్బాయే. ఆయనపై అభియోగం లేదు. 2006లో ఆయనను సాక్షిగా పిలిపించమని నార్మన్ పక్షం అడిగితే, ధర్మాసనం అదీ నిరాకరించింది. యుద్ధంలో ఏం జరిగిందో నమోదు చేయడానికి పెట్టిన సత్య, సయోధ్య కమిషన్ ముందు బహిరంగంగా మాట్లాడతానని నార్మన్ కోరితే దానికీ ఒప్పుకోలేదు. తీర్పు రాకముందే, 2007 ఫిబ్రవరిలో, సెనెగల్ రాజధాని డకార్‌లో శస్త్రచికిత్స తర్వాత ఆయన చనిపోయాడు.

మున్నేరు:
ఈ మూడింటిలో రెండు నన్నూ కలవరపెడుతున్నాయి. కబ్బా సాక్ష్యం వినవలసింది. నార్మన్‌ను ప్రజల ముందు మాట్లాడనివ్వవలసింది. దానివల్ల విచారణ దెబ్బతింటుందన్న వాదన నాకు బలహీనంగా కనిపిస్తుంది. మూడోది, కబ్బాపై అభియోగం. ఆయనకు ఎంత తెలుసు, ఎంత అదుపు ఉంది అన్నది సాక్ష్యంతో తేలవలసిన విషయం. హోదా ఉన్నంత మాత్రాన నేరం రుజువు కాదు. అందుకే నేను అడిగేది ఇది: ఇలాంటి ప్రతి న్యాయస్థానంలోనూ ప్రాసిక్యూటర్ ఎవరిపై కేసు పెట్టాడో చెప్పినట్టే, ఆ వరుసలో నిలబడవలసిన ఎవరిని ఏ కారణంతో వదిలేశాడో కూడా రాసి, పని ముగిశాక ప్రచురించాలి. కబ్బా విషయంలో అలాంటి కాగితం ఉండి ఉంటే, కమజోర్ల కుటుంబాలైనా, వారి చేతిలో చనిపోయినవారి కుటుంబాలైనా దానిపై వాదించడానికి వీలుండేది.