తెలుగులో కథలు రాసేవాళ్లు ఎం.ఏ. ఎక్కడ చేస్తే మేలు?

మానేరు_ఒడ్డు అడిగిన ప్రశ్న:
అందరికీ నమస్కారం. ఈ ఏడాదితో బి.ఏ. అయిపోతుంది (ఇంగ్లీష్ లిటరేచర్, హిస్టరీ, పొలిటికల్ సైన్స్, సెకండ్ లాంగ్వేజ్ తెలుగు). నేను రాసేవి తెలుగు కథలు. క్రియేటివ్ రైటింగ్ అన్న పేరుతోనే డిగ్రీ చేయాలా, ఎం.ఏ. తెలుగు సరిపోతుందా? హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ, ఉస్మానియా, తెలుగు విశ్వవిద్యాలయం అనుకుంటున్నాను. ఢిల్లీకో ఇంగ్లండుకో వెళ్లమని చెప్పేవాళ్లూ ఉన్నారు. రేపు లెక్చరర్ పోస్టుకు పనికొస్తుందా అన్నది ఇంట్లోవాళ్ల ప్రశ్న. ఏం చూసి ఎంచుకోవాలి?

పాతసంచికలు:
ముందు ఉద్యోగం సంగతి తేల్చుకోండి, ఎందుకంటే అది పట్టా మీద ఉండే పేరును బట్టి ఉంటుంది. డిగ్రీ కాలేజీల, యూనివర్సిటీల అసిస్టెంట్ ప్రొఫెసర్ అర్హత పరీక్ష యూజీసీ నెట్‌లో తెలుగు ఉంది (కోడ్ 27), ఇంగ్లీష్ ఉంది (కోడ్ 30), క్రియేటివ్ రైటింగ్ లేదు. జూనియర్ లెక్చరర్ పోస్టుకూ సంబంధిత సబ్జెక్టులో పీజీ అడుగుతారు. పట్టా మీద వేరే పేరుంటే సర్టిఫికెట్ల పరిశీలన దగ్గర ఈక్వివలెన్స్ కాగితం (ఈ పట్టా ఆ సబ్జెక్టుకు సమానమేనన్న ధ్రువీకరణ) కోసం తిరగాల్సి వస్తుంది. ఆ తిరుగుడు మామూలుగా ఉండదు. నెట్‌కు జనరల్ వాళ్లకు పీజీలో 55 శాతం మార్కులు కావాలన్నదీ గుర్తుంచుకోండి. లెక్చరర్ దారి వదులుకోకూడదనుకుంటే ఎం.ఏ. తెలుగే చేయండి.

ఎక్కడ అన్నదానికి వస్తే, యూనివర్సిటీ పేరు కంటే ముందు రెండు కాగితాలు చూడాలి: సిలబస్, పాత ప్రశ్నపత్రాలు. ఎం.ఏ. తెలుగు ఎక్కడ చేసినా సాహిత్య చరిత్ర, ప్రాచీన కావ్యాలు, బాలవ్యాకరణం, ఛందస్సు, అలంకారశాస్త్రం, భాషాశాస్త్రం ఏదో ఒక పాళ్లలో చదవక తప్పదు. వీటిని భారంగా అనుకోకండి. తిక్కన సంభాషణ నడిపే తీరు ఒక సెమిస్టర్ నిదానంగా చదివితే కథలో మాట ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. తేడా అంతా ఆధునిక సాహిత్యం పేపర్ల దగ్గరే వస్తుంది. అక్కడ ‘కథానిక నిర్వచనాలు తెలిపి, వికాసాన్ని వివరించండి’ అన్న ప్రశ్నే ఏటా తిరిగి వస్తుంటే ఆ శాఖలో నోట్సు చదివి గట్టెక్కేస్తారని అర్థం. ఫలానా కథలో కథకుడు ఎక్కడ నిలబడి చెబుతున్నాడు, ముగింపు మారిస్తే ఏమవుతుంది అని అడుగుతుంటే అక్కడ కథను కథగా చదివించేవాళ్లు ఉన్నట్టు. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు ఉందా, ఉంటే దాని కింద సొంత రచన ఒప్పుకుంటారా అని శాఖకు ఉత్తరం రాసి అడగండి.

సెంట్రల్ యూనివర్సిటీకి ఒక అనుకూలత ఉంది. తెలుగు శాఖ పక్కనే అనువాద అధ్యయనాల కేంద్రం, తులనాత్మక సాహిత్య కేంద్రం, రంగస్థల కళల శాఖ ఉన్నాయి. వేరే శాఖ ఎలక్టివ్ తీసుకునే వీలుంటే అనువాదం తీసుకోండి. ఒక పేజీని ఇంకో భాషలోకి తేవడం కంటే వాక్యం మీద పట్టు ఇచ్చే సాధన మరొకటి లేదని నా గట్టి నమ్మకం. మౌఖిక కథల మీద ఆసక్తి ఉంటే తెలుగు విశ్వవిద్యాలయానికి వరంగల్‌లో జానపద గిరిజన విజ్ఞాన పీఠం ఉంది, మీ పేరును బట్టి మానేరు వైపు వాళ్లయితే మీకు దగ్గర కూడా. ఉస్మానియాలో చేరితే నగరం నడిబొడ్డున ఉంటారు, సభలకూ గ్రంథాలయాలకూ సిటీ బస్సులో వెళ్లిరావచ్చు.

హాల్‌టికెట్:
ప్రవేశాల గురించి చెబుతాను. మూడింటికీ దారులు వేరు.

సెంట్రల్ యూనివర్సిటీకి సీయూఈటీ పీజీ (కేంద్రీయ విశ్వవిద్యాలయాల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష) రాయాలి. 75 ప్రశ్నలు, 300 మార్కులు, ఒప్పుకు 4, తప్పుకు 1 కోత. చాలామంది దెబ్బతినేది పరీక్ష అయ్యాక. స్కోరు వస్తే సీటు దానంతట అదే రాదు, యూనివర్సిటీ సొంత పోర్టల్‌లో మళ్లీ దరఖాస్తు పెట్టుకోవాలి. ఆ గడువు దాటితే మంచి స్కోరు చేతిలో ఉన్నా సీటు పోయినట్టే. పేపర్ ఎంచుకునేటప్పుడు కూడా యూనివర్సిటీ ఏ కోర్సుకు ఏ పేపర్ కోడ్ ఇచ్చిందో సరిచూసుకోండి. నాలుగు పేపర్ల దాకా ఎంచుకోవచ్చు కాబట్టి తెలుగుతో పాటు ఇంగ్లీష్ కూడా పెట్టుకుంటే మంచిది.

ఉస్మానియాకు సీపీగెట్ (తెలంగాణ యూనివర్సిటీల ఉమ్మడి పీజీ ప్రవేశ పరీక్ష). 100 ప్రశ్నలు, 90 నిమిషాలు, నెగెటివ్ మార్కులు లేవు, అందుకని ఒక్క ప్రశ్న కూడా వదలకండి. వెబ్ ఆప్షన్లలో క్యాంపస్ కాలేజీ ముందు పెట్టి, ఆ తర్వాత చేరడానికి ఇష్టమున్నవన్నీ వరసగా పెట్టండి. ఒక్కటే పెట్టి ఊరుకుంటే ఆ విడతలో ఏదీ రాకపోవచ్చు. సీటు పక్కన రెగ్యులర్ అని ఉందా, సెల్ఫ్ ఫైనాన్స్ అని ఉందా చూసుకోండి, ఫీజు అక్కడే మారిపోతుంది.

తెలుగు విశ్వవిద్యాలయం విడిగా నోటిఫికేషన్ ఇస్తుంది. ఇప్పుడు దాని పేరు సురవరం ప్రతాపరెడ్డి తెలుగు విశ్వవిద్యాలయం. పాత పేరుతో వెతికితే పాత నోటిఫికేషన్లే కనబడతాయి, జాగ్రత్త.

నార్విచ్_వాన:
బయట సంగతి క్లుప్తంగా. ఢిల్లీలో అంబేడ్కర్ యూనివర్సిటీలో లిటరరీ ఆర్ట్ అన్న ఎం.ఏ. ఉంది, అది సృజనాత్మక రచన కోసమే పెట్టింది. పట్టా పేరు గురించి పైన చెప్పింది దీనికీ వర్తిస్తుంది. ఇంగ్లండులో ఈ చదువుకు పేరుమోసింది నార్విచ్‌లోని ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ, 1970 నుంచి నడుస్తోంది. అక్కడ ఎం.ఏ. ఒక ఏడాదే. మార్కుల కంటే మీరు పంపే రచన ముఖ్యం. కాకపోతే తరగతిలో పది పన్నెండు మంది కూర్చుని మీ కథ చదవాలంటే అది ఇంగ్లీషులో ఉండాలి. తెలుగులో రాసే మనిషి అంత ఖర్చు పెట్టి తన భాష పక్కన పెట్టడం నాకు సబబుగా తోచదు. అనువాదకులు కావాలనుకుంటే మాత్రం అదే యూనివర్సిటీలో సాహిత్య అనువాదంలో ఎం.ఏ. ఉంది, దాన్ని తప్పక పరిశీలించండి. అమెరికాలో ఈ చదువుకు ఇచ్చే పట్టా ఎం.ఎఫ్.ఏ., రెండు మూడేళ్లు. కొన్ని చోట్ల ఫీజు మాఫీ చేసి స్టైపెండ్ ఇస్తారు, కానీ అక్కడా రాయాల్సింది ఇంగ్లీషులోనే.

మానేరు_ఒడ్డు:
చాలా థాంక్స్ అండీ. ఎం.ఏ. తెలుగులో ఒకరి కథ అందరూ చదివి చర్చించే వర్క్‌షాప్ ఉండదుగా, ఆ లోటు ఎలా తీరుతుంది?

పాతసంచికలు:
మీరే పెట్టుకోవాలి, కష్టమేం కాదు. ఆరుగురు చాలు, ఎనిమిది మంది దాటొద్దు. పదిహేను రోజులకోసారి, కూర్చున్న ప్రతిసారీ రెండు కథలే. కథ ఐదు రోజుల ముందే అందరికీ చేరాలి. అప్పటికప్పుడు చదివి వినిపిస్తే గొంతు బాగున్నవాళ్ల కథ బాగున్నట్టు అనిపిస్తుంది. ప్రతివాళ్లూ ప్రింటు మీద మూడు గుర్తులు పెట్టుకుని రావాలి: చదవడం ఎక్కడ ఆగిపోయింది, ఎక్కడ అర్థం కాలేదు, తీసేసినా కథ నిలబడే వాక్యం ఏది. మొదటి ఇరవై నిమిషాలు రచయిత నోరు విప్పకూడదు. వివరణ మొదలుపెడితే కాగితం మీద లేనిది కూడా ఉన్నట్టు లెక్కలోకి వచ్చేస్తుంది.

ఇలాంటి గుంపులు చెడేది రెండు కారణాలతో. ఒకటి, అందరూ ‘బావుందండీ’ అని లేచిపోవడం. రెండోది, కథ వదిలేసి అందులోని రాజకీయాల మీద వాదనకు దిగడం. ‘ఏ పేరా, ఏ వాక్యం’ అని అడిగే మనిషి ఒకరుంటే రెండూ సర్దుకుంటాయి.

చదవడానికి కొరత లేదు. బాగ్‌లింగంపల్లిలో సుందరయ్య విజ్ఞాన కేంద్రం, సుల్తాన్ బజార్‌లో 1901 నాటి శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉన్నాయి. శ్రీకాకుళంలో కాళీపట్నం రామారావు గారు 1997లో పెట్టిన కథానిలయం వెబ్‌సైట్‌లో పాత కథలు రచయిత పేరుతో వెతుక్కోవచ్చు. ఒకే రచయిత కథలు పదిహేను, అచ్చయిన వరసలో చదవండి. ఏ కథ దగ్గర ఆ చేయి తిరిగిందో పట్టుకుని, దాన్నే మీ మొదటి వర్క్‌షాప్‌కు తీసుకెళ్లండి.